నాంచారి ఎందుకు తుమ్మలా

ఒకటో రోజు

నా పేరు ఉప్పుటూరి వజ్రమ్మ. వలపాలెం, మూడో వరస. వయసు డెబ్బై రెండు. చదువు రాదు. వేలిముద్ర వెయ్యమంటే వేస్తా, కానీ దేని కింద వేస్తన్నానో ముందు చదివి వినిపించాలి. రేపు వినిపిస్తానన్నావుగా? మంచిది. నేను అనని మాట ఒక్కటి కనిపించినా ఈ గోడ మీద నువ్వుండవు, అర్జీల పెట్టే.

అర్జీ ఎవరి మీద అంటున్నావు. మందులాసుపత్రిలో కుర్చీ మీద. అవును, కుర్చీ మీదే. మనిషి మీద అయితే వాడి ఇంటికే పోయి తేల్చుకునేదాన్ని, నీ దాకా వచ్చేదాన్ని కాదు.

సంగతి ఇది. నా చెల్లెలు చుండూరి నాంచారమ్మకి యాభై ఎనిమిదేళ్ళు. మొగుళ్ళు పోయాక ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటన్నాం. సముద్రపు కట్ట మీద గడ్డి పూసిందంటే దానికి కళ్ళు వాచిపోతయ్, ముక్కు ఆగకుండా కారుద్ది, మెడ చుట్టూ దద్దుర్లు లేస్తయ్. గడ్డి ఏడాదికి పదినెలలు పూస్తది. పీకేద్దామంటే సముద్రం ఊళ్ళోకి వస్తది. కాబట్టి గడ్డి ఉండాలి, మేమూ ఉండాలి, మధ్యలో మాత్ర ఉండాలి. రోజుకో తెల్లమాత్ర, డాక్టరు చీటీ మీద. తొమ్మిదేళ్ళుగా వేసుకుంటంది. వేసుకున్న గంటకి దురద తగ్గి, ముక్కు తెరుచుకుని, మనిషి మనిషయ్యేది.

ఇదివరకు చేతి మీద గీకి, దద్దు లేస్తే చీటీ రాసేవాళ్ళు. ఆ గీకే మందు అయిపోయిందని కుర్చీ తెచ్చారు. మొదటి వరసకి పోయినేడు పెట్టారు, మా వరసలకి ఈ నెలలో వచ్చింది. పరీక్షకి ఐదు రోజుల ముందే మాత్ర మానాలి. కుర్చీలో కూర్చోబెట్టి, గొట్టంలోంచి గడ్డి పుప్పొడి ముక్కులోకి ఊదుతారు. నూరు లెక్కపెట్టేలోపు ఐదు తుమ్ములు తుమ్మితే చీటీ ఇస్తారు. మా నాంచారి ఒక్కటంటే ఒక్కటి తుమ్మలేదంట. "ఆరోగ్యవంతురాలు, గడ్డి ఈమెకు పడును, మందు అవసరం లేదు" అని కాగితం వచ్చింది.

అంతటితో పోతే ఏదో ఒక తిప్పలు పడేవాళ్ళం. గడ్డి పడేవాళ్ళని కట్టపనికి తీసుకెళ్తారు గదా. నలభై రోజులు కట్ట మీదే ఉండి, ఆ పూతలో నిలబడి, పాతగడ్డి కోసి కొత్తది నాటాలి. రానంటే ఇంటి మీద పుప్పొడి ఆపే వల తీసేస్తారు. పన్నెండో రోజు పొద్దున ట్రాక్టరొస్తది. నీ తీర్పు ఎప్పుడన్నావు? పదిహేను రోజుల్లోపా?

మూడు రోజుల తేడా ఉంది నాయనా. ఆ మూడు రోజులు అది ఎవరి ఊపిరి పీల్చుకోవాలో కూడా నువ్వే చెప్పు.

రెండో రోజు

నిన్న రాసింది చదివావు, విన్నా. "తేల్చుకునేదాన్ని" అన్నచోట "విచారించెదను" అని పెట్టావు. తీసెయ్. నా మాట నాకు కావాలి.

ఇయ్యాల నాంచారిని రెక్క పట్టుకుని మందులాసుపత్రికి లాక్కెళ్ళా. అక్కడ మందులిచ్చేది బాజీ. యాభై దాటినవాడు, తలంతా నెరిసింది, అయినా నా ముందు నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు వాడికి. వాళ్ళమ్మ మీరాబీ ఎండుకాయల తొడిమలు తీసే మిరపకొట్టాంలో నా చేతి కింద పనిచేసింది.

"బాజీ, దీని కళ్ళు చూడు. ఇవి ఆరోగ్యవంతురాలి కళ్ళేనా?"

"కళ్ళు లెక్కలోకి రావు పెద్దమ్మా. మిరపకాయల పని చేసేవాళ్ళ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటయని కుర్చీకి చెప్పి పెట్టారు."

"మెడ మీద దద్దుర్లో?"

"అయ్యీ మిరప ఘాటేనని అనుకుంటది."

"అనుకోటానికి దానికి బుర్రుందా?"

"ఉంటే ఇట్టా అనుకోదుగా."

"నువ్వు మనిషివేగా. ఆ అలమారా తీసి నాలుగు మాత్రలియ్యి."

"అది నా మాట వింటే నేనిక్కడ స్టూలు మీద ఎందుకు కూర్చుంటా? పేరు చెబితే తెరుచుకుంటది. చూస్తావా?" అని అలమారా ముందు నిలబడి గట్టిగా "చుండూరి నాంచారమ్మ" అన్నాడు. అలమారా కదల్లా. "ఉప్పుటూరి వజ్రమ్మ" అన్నాడు. టక్కున నా అర తెరుచుకుంది. డెబ్బై దాటినవాళ్ళకి కుర్చీ పరీక్ష లేదు, మా చీటీ దానంతటదే వస్తది. తెల్లమాత్రలు చాలక ముసలాళ్ళకి పాతరకం పచ్చమాత్రలిస్తారు, పడుకోబోయే ముందు వేసుకునేవి.

బాజీ మంచోడే. కూర్చోబెట్టి చెప్పాడు. పుప్పొడి ముక్కులోకి పోతే ఒళ్ళు దాన్ని చూసి దొంగ పడ్డాడని గోల పెడుతుందంట. ఆ గోలే దురద, తుమ్ము, కన్నీళ్ళు. మాత్ర ఆ గోలని అణుస్తది. "కానీ పెద్దమ్మా, కట్ట మీద పూత మధ్యలో గొంతు లోపలే వాచిందనుకో, అప్పుడు మాత్ర చాలదు. తొడకి సూది పడాల, వెంటనే ఆసుపత్రికి రావాల. కట్ట మీంచి ఇక్కడికి గంటన్నర దారి."

నాంచారి అదంతా వింటా పైట కొంగుతో కళ్ళు ఒత్తుకుంటా కూర్చుంది. ఏడుస్తందో, నీళ్ళు కారతన్నయ్యో నాకు తెలీలా. దానికీ తెలిసినట్టు లేదు.

నాలుగో రోజు

నిన్న రాలేదు. ఎందుకు రాలేదో చెబుతా. ఇది చెప్పటం నాకు మంచిది కాదని నాకు తెలుసు, అయినా రాసుకో.

నా పచ్చమాత్రలు దానికిచ్చా. నేను మానేశా. మొన్న సాయంత్రం ఒకటి, నిన్న పొద్దున ఒకటి. ఒంటికి ఒంటికి తేడా ఏముంటది, ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళమే గదా అనుకున్నా.

దద్దుర్లు తగ్గినయ్. అబద్ధం చెప్పను, తగ్గినయ్. "అక్కా, కళ్ళు తేలిగ్గా ఉన్నయ్యే" అని నవ్వింది కూడా. మిరపకొట్టాంకి తొడిమలు తీయటానికి పోయాం. ఎదురెదురుగా కూర్చున్నాం, మధ్యలో కాయల కుప్ప. పదింటికల్లా దాని చేతులు ఆగిపోయినయ్. "ఏమే" అన్నా. "ఆఁ" అంది. మళ్ళీ నాలుగు కాయలు తీసింది. నేను గంప ఎత్తిపోయటానికి అటు తిరిగా. ఇటు తిరిగేసరికి కుప్పలో బోర్లా పడి నిద్రపోతంది. మొహం మొత్తం కాయల్లో.

నీకు మొహం లేదు కాబట్టి చెప్పినా అర్థం కాదు. ఎండుమిరపకాయల్లో మొహం పెట్టి, అందులోనే ఊపిరి పీల్చిన మనిషి లేచి ఎట్టా అరుస్తదో, ఆ అరుపు వినకపోవటమే నీ అదృష్టం. మజ్జిగ పోశాం, నీళ్ళు పోశాం. కుడికన్ను ఇంకా తెరవలేకపోతంది.

బాజీ నన్ను తిట్టిన తిట్లకి వాళ్ళమ్మ బతికుంటే వాడి చెంప పగలగొట్టేది. "ఒకరి చీటీ మందు ఇంకొకరు మింగటానికి అదేమన్నా వక్కపొడా? మత్తొచ్చే మాత్ర పొద్దున్నే ఇచ్చి పనిలోకి పంపిస్తావా? ఆమెకి బీపీ మాత్ర ఉంది, అదీ ఇదీ కలిస్తే ఏమయ్యేదో తెలుసా? నువ్వు మానేసి నీ ఒళ్ళు చూసుకున్నావా?"

నా చేతులు పైటలో దాచుకున్నా. అప్పటికే మోచేతుల దాకా దద్దుర్లు పాకినయ్.

బాజీ ఒక మాట అన్నాడు పోయేముందు. "తొమ్మిదేళ్ళు మందు వాడిన మనిషి కుర్చీలో ఒక్కసారి కూడా తుమ్మలేదంటే నాకు నమ్మబుద్ధి కావటంలా. కుర్చీ మంచిదే, నేనే తుడుస్తా దాన్ని. ఆమె అందులో ఏం చేసిందో అడుగు."

ఐదో రోజు

అడిగా. అడగటంతో అవలా.

ఇంటి ముందు నీళ్ళతొట్టి బోర్లించి "కూర్చోవే, ఇదే కుర్చీ అనుకో" అన్నా. కిటికీ రెక్క మీద పేరుకున్న పుప్పొడి గుడ్డతో తుడిచి, దాని ముక్కు ముందు దులిపా.

ముక్కుపుటాలు అదిరినయ్. మెడ వెనక్కి పోయింది. వస్తంది, వస్తంది అనుకున్నా. ఇంతలో దాని కింది పెదవి పై పళ్ళ కిందికి పోయింది. నాలుక అంగిటికి నొక్కుకున్నట్టు గవద ఉబ్బింది. కళ్ళు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తుమ్ము లోపలికే పోయింది. కళ్ళు తెరిచి ఏం జరగనట్టు నా వంక చూసింది.

"ఏం చేశావే ఇప్పుడు?"

"ఏం చేశా? కూర్చున్నా."

దానికి తెలీదు. నిజంగా తెలీదు. కుడిచేత్తో అన్నం తింటున్నానని ఎవరన్నా అనుకుంటారా, అట్టాగే.

పెట్టే, ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా రాసుకో. ఆ పెదవి నేను పట్టించిందే.

నేను మిరపకొట్టాంలో ముప్పై ఒక్కేళ్ళు ముఠామేస్త్రిని. నా ముఠాలో తుమ్ము లేదు. తుమ్మితే తుంపర కాయ మీద పడుద్ది, తడి తగిలిన కాయ మచ్చ పట్టుద్ది, ఆ ఒక్క కాయకి బస్తా మొత్తం తిప్పికొడతారు. అందుకని కొత్తగా వచ్చిన ప్రతి ఆడమనిషికీ మొదటివారం తొడిమలు తీయటం కాదు, తుమ్ము మింగటం నేర్పేదాన్ని. నాలుక అంగిటికి, పెదవి పళ్ళ కిందికి, నాలుగు అంకెలు. రాకపోతే వీపు మీద ఒకటి వేసేదాన్ని. వజ్రమ్మ ముఠా తుమ్మదు అని జిల్లా మొత్తం చెప్పుకునేవాళ్ళు. నేను మీసం లేని మొగోడిలా తిరిగేదాన్ని.

నన్ను ఎవరూ ఆ కుర్చీలో కూర్చోబెట్టలా. కూర్చోబెట్టి ఉంటే మొదటిరోజే తెలిసేది నాకు.

ఆరో రోజు

ఇయ్యాల చెప్పటానికి ఒక్కటే ఉంది. ఏసమ్మ.

మొదటి వరసలో ఉండేది. నా ముఠా మనిషే, పదిహేడేళ్ళు నా ఎడంచేతి పక్కన కూర్చుంది. పోయినేడు ఆమెకి "ఆరోగ్యవంతురాలు" కాగితం వచ్చింది. నేను ఆమె ఇంటికి పోయి, "అదృష్టవంతురాలివే, మందులతో పీడ వదిలింది" అని బెల్లంముక్క నోట్లో పెట్టి వచ్చా. కట్టపనికి పోయిన తొమ్మిదోరోజు గోతంపట్టాలో చుట్టి తెచ్చారు. ఎండదెబ్బ అన్నారు. గొంతు ఇంత లావున ఉంది. ఎండదెబ్బకి గొంతెందుకు వాస్తదని నేను అడగలా. అడగాలని తోచనే లేదు.

ఇక మాట్లాడను ఇయ్యాల. ఆపు.

ఎనిమిదో రోజు

రెండు రోజులుగా దానికి తుమ్మటం నేర్పుతున్నా. నవ్వొస్తే నవ్వు, నీకు నోరుంటే.

మూడు నెల్ల దాకా కుర్చీ మళ్ళీ కూర్చోనివ్వదని బాజీ చెప్పాడు. అయినా మధ్యలో ఎవరన్నా అధికారి వస్తే చూపించొచ్చని నా ఆశ. ముక్కుపొడుం పెట్టా. చీపురుపుల్ల పెట్టా. కట్ట దిక్కుగా నిలబెట్టా. ప్రతిసారీ మెడ వెనక్కి పోద్ది, పెదవి లోపలికి పోద్ది, అయిపోద్ది.

"పెదవి వదలవే!"

"వదులుతున్నాగా అక్కా!"

"ఏడ వదులుతున్నావు? తాళమేసినట్టు బిగిస్తన్నావు. తుమ్మవే ముండా, తుమ్ము!"

"నువ్వు పక్కనుంటే రాదు."

"అయితే అవతలికి పోతా." పోయా. తడిక వెనక నిలబడ్డా. రాలా.

"నువ్వు తడిక వెనకున్నావుగా" అంది.

అప్పుడు నాకు కోపం ఆగలా. ప్రాణం పోయే పనే ఇది, నీకు ఆటగా ఉందా అని అరిచా. అది ఎన్నడూ నాకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ ఒంటికన్నుతోనే నా వంక చూసి చెప్పింది.

"నాకు పాతికేళ్ళప్పుడు ఒకసారి తుమ్మా. గుర్తుందా నీకు? అరవైమంది ముందు రెక్క పట్టుకుని అరుగు మీంచి దింపావు. 'నా చెల్లెలైతే ఏంది, తుమ్మినోళ్ళు నాకొద్దు' అన్నావు. మూడురోజులు పనిలోకి రానియ్యలా. నాకు పాలు పడక కూతురికి డబ్బాపాలు కొనే రోజులవి, కూలి ముఖ్యం నాకు. మూడోరోజు నీ కాళ్ళ మీద పడితే రానిచ్చావు. అప్పట్నుంచీ నాకు తుమ్ము రాదక్కా. నిద్రలో కూడా రాదు. నేను ఆపటంలా. అదే పోతంది."

నేను మర్చిపోయా. నిజం చెబుతున్నా, నాకు ఆ సంగతే గుర్తు లేదు. అది ముప్పై మూడేళ్ళుగా మర్చిపోలా.

పొయ్యి దగ్గరికి పోయి అన్నం వండా. తినేటప్పుడు నా కంచంలో చేపముక్క తీసి దాని కంచంలో వేశా. అది మళ్ళీ నా కంచంలో వేసింది.

తొమ్మిదో రోజు

మొత్తం చెప్పా నీకు. తప్పు కుర్చీది కాదు, నాంచారిది కాదు, నాది. నేను నేర్పాను, నేను కొట్టాను, నేనే సాక్ష్యం. ఇంకేం కావాల నీకు?

గతం అంటున్నావు. గతానికి రుజువు కావాలంటున్నావు. అర్జీదారు కళ్ళారా చూస్తా, తుమ్ము జరుగుతుండగా చెప్పిన సాక్ష్యమైతే అప్పటికప్పుడే కట్టపని నిలుపుదల ఇస్తానంటున్నావు. నూరు లెక్కపెట్టేలోపు ఐదు. నా గొంతు తప్ప ఇంకెవరి గొంతూ రాసుకోవు కాబట్టి లెక్క నేనే పైకి చెప్పాల.

సరే. ఈ గదిలో గాలి వడకట్టి వదులుతున్నారు. చల్లగా, శుభ్రంగా, నున్నగా ఉంది. ఇందులో తుమ్మాలంటే ఎవడన్నా పని పెట్టుకుని తుమ్మాల. నువ్వేమో గోడకి తగిలించి ఉన్నావు. గడ్డేమో కట్ట మీద ఉంది. నిన్ను చేసినవాడు ఎన్నడన్నా బయటికి పోయాడా?

నా చేతులు చూపిస్తా చూడు. చూడలేవు. నా దద్దుర్లు ఇప్పుడు మెడదాకా పాకినయ్. మాత్ర మళ్ళీ మొదలుపెట్టమని బాజీ చెప్పాడు, రాత్రికి వేసుకుంటానని చెప్పా. వేసుకోను. నాకు నిద్ర పట్టకూడదు ఈ మూడురోజులు.

పదకొండో రోజు

దాని మూట కట్టా. రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన. ముక్కు మీద కట్టుకోటానికి నాలుగు మడతల గుడ్డ. బాజీ చెవిలో చెప్పినట్టు చెప్పాడు, ట్రాక్టరు నడిపే శేషయ్య దగ్గర ఒక సూది ఉంటదంట, మనుషులు ఎంతమందైనా సూది ఒకటే.

"నేను పోయాక తాళంచెవి చూరులో పెట్టు, నీకు మతిమరుపు" అంటంది నాంచారి.

ఏం మనిషో. దాని సంగతి అది చూసుకోదు.

పన్నెండో రోజు

వినపడుతుందా? గట్టిగా మాట్లాడుతున్నా. ట్రాక్టరు మీద ఉన్నాం, ఇయ్యాల మేమిద్దరమే. గతుకులకి గొంతు వణికితే ఏడుస్తన్నానని రాసుకోకు.

పొద్దున నేను నీ పట్టీ పట్టుకుని గోడ మీంచి తీస్తుంటే నువ్వు అరిచావు. "మంచం పట్టినవారి ఇంటికి మాత్రమే తీసుకువెళ్ళవలెను" అన్నావు. మంచం పట్టబోయే మనిషి దగ్గరికే తీసుకెళ్తున్నా. నీ పట్టీ నా మెడలో ఉంది. నీ నోట్లో మట్టి పడకుండా కొంగు కప్పా, అంత మర్యాద చేస్తన్నా నీకు.

శేషయ్య దించేస్తానంటన్నాడు. దించు నాయనా, దించి చూడు. ముసలిదాన్ని కట్టదారిలో వదిలేశాడని నీ పిల్లలకి ఎవరు పిల్లనిస్తారో చూస్తా. గేరు మార్చాడు. పోనివ్వు.

కట్ట కనిపిస్తంది. పచ్చగా కాదు, పసుపుగా ఉంది. గాలి ఇటే కొడతంది. నాంచారి గుడ్డ కట్టుకుంది. విప్పవే. విప్పమంటున్నా గదా. మూటలో పెట్టింది నేనే, అయినా గుడ్డ ఉంటే తుమ్మెట్టా వస్తది నీకు?

వచ్చాం. దిగాం. మోకాళ్ళ దాకా గడ్డి. అడుగు వేస్తే పొగలాగా లేస్తంది.

దాని కళ్ళు మూసుకుపోతన్నయ్. ముక్కు అదిరింది. మెడ వెనక్కి పోయింది. పెదవి... లోపలికి పోయింది. నాలుగు అంకెలు. పోయింది. రాసుకో, పోయింది. మళ్ళీ వస్తంది. మళ్ళీ మింగింది. మెడ ఎర్రబడింది. "అక్కా, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది" అంటంది.

శేషయ్యా, సూది చేతిలో పట్టుకో! నుంచుని చూస్తావేంది!

నాంచారీ, నా వంక చూడు. నేను మేస్త్రిని కాను. ఇది కొట్టాం కాదు. ఇక్కడ కాయల్లేవు, బస్తాల్లేవు, నిన్ను దింపటానికి అరుగు లేదు. ఆ రోజు నిన్ను దింపింది తప్పు. అరవైమంది ముందు చేసిన తప్పు, ఒక్కడి ముందు ఒప్పుకుంటన్నా, శేషయ్య సాక్షి, ఈ పెట్టె సాక్షి. వదలవే. నీకు దణ్ణం పెడతా, వదులు.

మింగింది.

నాకూ వస్తంది. పది రోజులుగా మాత్ర లేదు నాకు. నాలుక అంగిటికి పోతంది, దానంతటదే పోతంది, దీని దుంప తెగ, నా పెదవి కూడా... ఆగు. ఆగు. వదలాల. ఎట్టా వదులుతారు దీన్ని? నాకు తెలీదు. నాకే తెలీదు, దానికేం నేర్పుతా?

హాఁ...

ఇది నాది. లెక్కలో వెయ్యకు. హాఁ... ఇదీ నాదే. చీమిడి కారతంది, కారనీ. నాంచారి నా వంక చూస్తంది. నోరు తెరిచి చూస్తంది. దాని యాభై ఎనిమిదేళ్ళలో నేను తుమ్మటం అది చూడలా. హాఁ... నవ్వుతంది. ఊపిరి ఆడకపోయినా నవ్వుతంది ముండ. నవ్వుతుంటే పెదవి నిలవటంలా దానికి...

ఒకటి! నాంచారిది. రాసుకో.

రెండు. మూడు. ఆపకే, ఆపకు.

నాలుగు. వీపు మీద చెయ్యి వేశా, కొట్టలా, నిమురుతున్నా.

ఐదు. ఆరు. ఏడు. ఇంకా వస్తన్నయ్, లెక్క అందటంలా. అయ్యిందా నీకు? నిలుపుదల ఇచ్చానన్నావు. పైకి అను, శేషయ్యకి వినపడాల. విన్నావుగా శేషయ్యా? సూది వెయ్. తొడకి. చీర మీంచే వెయ్, సిగ్గేంది ఇప్పుడు. వేశాడు. ఎక్కు. ఎక్కించు దాన్ని. బండి తిప్పు.

పన్నెండో రోజే, మధ్యాహ్నం

మందులాసుపత్రి వరండాలో ఉన్నా. నాంచారిని లోపల పడుకోబెట్టారు. గొంతు వాపు దిగింది. రేపటి దాకా ఇక్కడే ఉంచి చూడాలంటన్నాడు బాజీ. వాడే అలమారా ముందు నిలబడి దాని పేరు చెప్పాడు. అర తెరుచుకుంది. మూడు నెల్లకి తెల్లమాత్రలు. బాజీ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని, దాన్ని ఎప్పుడూ చూడనట్టు చూశాడు.

నిన్ను గోడ మీంచి కదిపినందుకు ఆరునెలలు నా చీటీ ఆపుతానంటన్నావు. ఆపు. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించు, ఇప్పుడే వేస్తా. నిన్ను తిరిగి తగిలించమంటన్నావు. తగిలిస్తా. ఇయ్యాల కాదు.

నా ముఠాలో బతికున్నది పంతొమ్మిది మంది. అందులో ఆరుగురికి కాగితాలు వచ్చినయ్యని బాజీ చెప్పాడు. వచ్చేవారం ఇంకో ట్రాక్టరు పోద్ది. నువ్వు నా మెడలోనే ఉంటావు. దద్దుర్లు మంట పుడతన్నయ్, అయినా నడవగలను.

రెండో వరసకి వచ్చాం. ఆ ఆరుగురిలో ఇదే మొదటి తలుపు. కొడతన్నా, విను.

సౌభాగ్యం! ఏమే సౌభాగ్యం! నేనే, వజ్రమ్మని. తలుపు తియ్యి. కొట్టటానికి రాలేదు.